పని నేర్పినవారి పద్దు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయవలసిందిగా మన సంఘం కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు వెంటనే ఏమీ తోచలేదు. ముప్పై అయిదేళ్ళు వైద్య ఆరోగ్య శాఖలో గుమాస్తాగిరీ చేసినవాడికి చరిత్ర ఏం తెలుస్తుంది? పే బిల్లులు, కంటింజెంటు బిల్లులు, సర్వీసు రిజిస్టర్లు, ఇవే నేను చదివిన గ్రంథాలు. అయితే అమెరికాలో చదువుకుంటున్న మా మనుమరాలు ఫోనులో అడిగిన ఒక ప్రశ్న వలన కొన్ని పుస్తకాలు తిరగేయవలసి వచ్చింది. ఆ తెలుసుకున్నది సభ్యుల ముందుంచుతున్నాను.

మా అమ్మాయి కూతురు అక్కడ జార్జియా రాష్ట్రంలో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చదువుతున్నది. ఆ చదువులో పుస్తకాలతో బాటు, అనుభవం గల డాక్టరు దగ్గరో పెద్ద నర్సు దగ్గరో కొన్ని వందల గంటలు పనిచేసి రోగుల మధ్య పని నేర్చుకోవాలి. అలా దగ్గర ఉండి నేర్పేవారిని అక్కడ ప్రిసెప్టరు అంటారట. ఒకరోజు ఆ పిల్ల దిగులుగా ఫోను చేసింది.

"తాతయ్యా, నేర్పేవాళ్ళు దొరకడం లేదు. కాలేజీవాళ్ళు నువ్వే వెతుక్కోమంటున్నారు. వెతికిపెట్టే కంపెనీలున్నాయి గాని వేల డాలర్లు అడుగుతున్నారు. మీ ఆసుపత్రుల్లో నేర్పేవాళ్ళకి డబ్బులు ఎవరిచ్చేవారు?"

"చూసి చెబుతానమ్మా" అన్నాను. నిజానికి చూడవలసినది లేదు. ఆ జవాబు ఒక ఫైలులో ఉన్నది. ఆ ఫైలు మూసివేసిన చేతివ్రాత నాదే. ఆ సంగతి చివరకు వస్తుంది. ముందు చరిత్ర.

శిష్యుడే చెల్లించిన రోజులు

సుమారు రెండు వందల ఏళ్ళ క్రిందట లండనులో వైద్యం నేర్చుకోవాలంటే శిష్యుడే గురువుకు రుసుము కట్టుకోవాలి. పెద్ద ఆసుపత్రుల్లోని సర్జన్లు శిష్యులను చేర్చుకొని వారినుండి సొమ్ము తీసుకునేవారు. ఎక్కువ కట్టినవాడికి డ్రెస్సరు హోదా దొరికేది. అనగా సర్జను వెంట వార్డులో తిరిగి, గాయాలు కట్టి, చేతిపని దగ్గరగా చూసే అవకాశమన్నమాట. ఆంగ్ల కవి జాన్ కీట్స్ 1815లో గైస్ ఆసుపత్రిలో విద్యార్థిగా చేరి, మరుసటి ఏడాది డ్రెస్సరుగా పనిచేసినవాడే.

ఈ పద్ధతిలో గురువుకు ముట్టవలసినది ముట్టింది. కాని సొమ్ము లేనివాడికి విద్య అందలేదు. సర్జన్ల బంధువులకు, చేతినిండా డబ్బున్నవారికి పెద్దపీట. థామస్ వాక్లీ అనే డాక్టరు 1823లో "లాన్సెట్" అనే పత్రికను స్థాపించి, పెద్ద సర్జన్ల ఉపన్యాసాలను అందులో అచ్చువేసి ఆరు పెన్నీలకు అమ్మడం మొదలుపెట్టాడు. పెద్దలకు కోపం రాక మానుతుందా? రుసుము కట్టి వినవలసిన పాఠం ఆరు పెన్నీలకు వీధిలో దొరికింది మరి. అయితే వాక్లీ అచ్చువేయగలిగింది మాటలనే. చేతిపనిని ఏ పత్రికా అచ్చువేయలేదు. దానికి పక్కన నిలబడే మనిషి ఒకరుండాలి.

ఇక ఆనాటి నర్సుల సంగతి చెప్పనే అక్కరలేదు. వారికి గురువూ లేదు, రుసుమూ లేదు. వార్డులో పాతబడినవారిని చూసి కొత్తవారు నేర్చుకోవడమే. పాతవారికి తెలిసింది తప్పయితే ఆ తప్పే కొత్తవారికీ సంక్రమించేది.

ఒక నిధి, రెండు పద్దులు

ఈ స్థితిని మార్చిన పేరు అందరికీ తెలిసినదే. ఫ్లారెన్స్ నైటింగేల్. క్రిమియా యుద్ధంలో ఆమె చేసిన సేవకు కృతజ్ఞతగా 1855 నవంబరులో లండనులో సభ జరిపి, ఆమె పేర నిధిని ప్రారంభించారు. సైనికులు కూడా ఒక రోజు జీతం చొప్పున ఇచ్చారు. మొత్తం సుమారు 44 వేల పౌన్లు పోగయింది. ఆ నిధితో 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం తెరిచారు.

దీపం పట్టుకున్న ఆమె బొమ్మ పాఠ్యపుస్తకాల్లో మనమంతా చూశాము. నన్ను ఆకర్షించింది మాత్రం ఆ నిధి జమాఖర్చు. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆసుపత్రి ఆసుపత్రిగానే ఉండగా, శిక్షణకయ్యే ఖర్చును నిధి విడిగా భరించింది. నేర్చుకునే పిల్లకు వసతి, భోజనం గాక ఏడాదికి 10 పౌన్లు. నేర్పించే బాధ్యత తీసుకున్న మేట్రను వార్డ్రోపర్ గారికి ఆసుపత్రి ఇచ్చే జీతానికి అదనంగా ఏడాదికి 100 పౌన్లు. వార్డుల్లో పిల్లలను దగ్గర పెట్టుకొని నేర్పే సిస్టర్లకు తలకు 10 పౌన్లు. ఉపన్యాసాలు చెప్పే డాక్టరుకు వేరే పారితోషికం.

సభ్యులు ఈ లెక్కను ఒకసారి నిదానంగా చూడాలి. రోగిని చూసినందుకు జీతం ఒక పద్దు, శిష్యురాలికి నేర్పినందుకు సొమ్ము ఇంకొక పద్దు. రెండు పనులు చేసే మనిషి ఒకరే అయినా పద్దులు రెండు. నేర్పడం కూడా ఒక పనేనని లెక్కల పుస్తకం ఒప్పుకున్నది. పది పౌన్లు చిన్న మొత్తమే కావచ్చు. కాని పద్దు తెరిచారు, అదీ ముఖ్యం.

దానితో బాటు ఒక ఫారము కూడా పెట్టారు. ప్రతి పిల్లకూ నెలనెలా గుణము, పనితనము వ్రాయాలి. సమయపాలన, నెమ్మది, నమ్మకము, శుభ్రత, వార్డు నిర్వహణ ఒక భాగం. గాయాలు కట్టడం మొదలైన చేతిపనులు మరొక భాగం. ఒక్కొక్క అంశానికి ఉత్తమం, మంచిది, మధ్యమం, లోపం అంటూ గుర్తు వేయాలి, ఏమీ రాకపోతే సున్న. మన కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు గుర్తుకు రాలేదూ?

సొమ్ము వెళ్ళింది, పాఠం జరగలేదు

ఇంతటితో కథ సుఖాంతమని వ్రాస్తే అది చరిత్ర కాదు, సన్మానపత్రం అవుతుంది. 1871లో సెయింట్ థామస్ ఆసుపత్రి థేమ్స్ నది ఒడ్డున పార్లమెంటు భవనానికి ఎదురుగా కట్టిన కొత్త భవనాల్లోకి మారింది. ఆ రోజుల్లోనే నైటింగేల్ తన శిక్షణాలయం వ్యవహారాన్ని నిశితంగా పరిశీలించింది. తెలిసిన సంగతులు ఆమెకు సంతోషం కలిగించలేదు. పారితోషికం తీసుకుంటున్న డాక్టరు ఉపన్యాసాలను నిర్లక్ష్యం చేశాడు. సిస్టర్లలో కొందరు పది పౌన్లూ పుచ్చుకొని పిల్లలను వార్డు చాకిరీకి వాడుకున్నారే గాని కూర్చోబెట్టి చెప్పింది తక్కువ. అసలు ఆ సిస్టర్లకే పద్ధతిగా నేర్పినవారు లేరాయె.

మనలో చాలామంది ఇక్కడ ఏమి చేసి ఉండేవారు? ఆ పద్దు రద్దుచేసి, మిగిలిన సొమ్ము సరెండరు చేయమని నోటు పెట్టి ఉండేవారు. ఆమె అలా చేయలేదు. డాక్టరును మార్చి జాన్ క్రాఫ్ట్ అనే సర్జనుచేత పాఠాలు చెప్పించారు. పిల్లల చదువు, నడవడి చూడడానికి హోమ్ సిస్టర్ అనే కొత్త ఉద్యోగం సృష్టించారు. వార్డులో చూసింది, చేసింది డైరీలో వ్రాయించి, ఆ డైరీలను నైటింగేల్ స్వయంగా చదివేది. అనగా సొమ్ము ఆపలేదు, దానికి తనిఖీ జోడించారు.

డబ్బిస్తే చాలు పాఠం జరుగుతుందనుకోవడం ఒక తప్పు. డబ్బు దుర్వినియోగమయింది కాబట్టి అసలు ఇవ్వనక్కరలేదనుకోవడం రెండవ తప్పు. మన శాఖల్లో రెండవ తప్పే ఎక్కువ జరిగిందని నా అనుభవం.

డాక్టర్ల చదువులో కూడా ఇదే తగవు మరొక రూపంలో వచ్చింది. అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 వైద్య కళాశాలలను పరిశీలించి 1910లో నివేదిక ఇచ్చాడు. తరువాత 1913లో రాక్‌ఫెల్లర్ సొమ్ముతో నడిచే బోర్డు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ సంస్థకు 15 లక్షల డాలర్లు ఇచ్చింది. పెద్ద డాక్టర్లు సొంత ప్రాక్టీసు మాని, పూర్తికాలపు జీతంపై పాఠం చెప్పాలి, రోగుల ఫీజు సంస్థకు జమ కావాలి అన్నది షరతు. అక్కడే పూర్వం ఆచార్యుడుగా ఉన్న విలియం ఆస్లర్ దీనికి ఒప్పుకోలేదు. గురువులు ప్రయోగశాలల్లో మునిగి రోగి మంచానికి దూరమవుతారేమోనని ఆయన భయం. ఆయన మాటలోనూ న్యాయమున్నది. జీతం ఇచ్చినంత మాత్రాన గురువు మంచం దగ్గర నిలబడతాడనే హామీ లేదు గదా!

మన వైపు

మన తెలుగు జిల్లాలు చాలావరకు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1854లో, మద్రాసులో మంత్రసానుల శిక్షణకు ప్రభుత్వం మంజూరు ఇచ్చింది. 1871లో అక్కడి జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలయింది. పర్యవేక్షణకు ఇంగ్లండు నుండి నర్సులను రప్పించారు. అప్పటినుండి నేటివరకు మన దేశంలో నర్సింగు పాఠశాలలు పెరిగాయి, ట్యూటరు ఉద్యోగాలు వచ్చాయి, వారికి స్కేళ్ళు వచ్చాయి. సంతోషమే. కాని ట్యూటరు తరగతి గదిలో చెబుతుంది. వార్డులో రాత్రి రెండు గంటలకు, పురుటి నొప్పులు పడుతున్న తల్లి పక్కన, ఆ పిల్లకు చెప్పేదెవరు? అక్కడ డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు. ఆమెకు ఏ పద్దూ లేదు.

ఇక నా ఫైలు సంగతి.

అవి 1980ల నడిమి రోజులు. నేను ఒక జిల్లా ఆసుపత్రిలో సీనియర్ అసిస్టెంటును. ఊరి పేరు అప్రస్తుతం. ఏ.ఎన్.ఎం. శిక్షణ పొందే ఆడపిల్లలు బ్యాచీలుగా మా కాన్పుల వార్డుకు వచ్చేవారు. అక్కడ ఒక పెద్ద సిస్టరు గారుండేవారు. అప్పటికే పాతికేళ్ళ సర్వీసు. ఆవిడ నేర్పే తీరు నేను స్వయంగా చూడలేదు గాని, మా రెండవ బిడ్డ కాన్పు ఆ వార్డులోనే జరిగింది కాబట్టి మా ఆవిడ చూసింది. పిల్ల చేతిని తల్లి కడుపుమీద పెట్టించి, దానిమీద తన చేయి వేసి, బిడ్డ తల ఎక్కడున్నదో తడిమి చెప్పమనేవారట. చెప్పేదాకా చేయి తీయనిచ్చేవారు కారట. "తొందర నీదమ్మా, తల్లిది కాదు" అని మందలించేవారట. కాన్పయిన తరువాత మాయను ట్రేలో పరచి, ముక్క తక్కువ కాలేదని ప్రతి పిల్లచేతా చూపించేవారు. ముక్క లోపల మిగిలితే రక్తం ఆగదు, పల్లెలో ఆ రాత్రి మీకు డాక్టరు దొరకడు అని చెప్పేవారు.

ఒక ఏడాది శిక్షణ నిధుల్లో కొంత మిగులు కనబడింది. మా సూపరింటెండెంటు డాక్టరు గారు మంచి మనసుతో, సిస్టరు గారికి నెలకు 50 రూపాయల చొప్పున ఆరు నెలలకు 300 రూపాయలు గౌరవ వేతనం ఇవ్వవచ్చునేమో చూడమని నాకు ఫైలు పంపారు.

నేను చూశాను. ఫండమెంటల్ రూల్సులో 9(9) నిబంధన తీశాను. గౌరవ వేతనమంటే అప్పుడప్పుడు చేసే ప్రత్యేకమైన పనికి ఇచ్చే సొమ్ము. సిస్టరు గారు నేర్పుతున్నది అప్పుడప్పుడు కాదు, ప్రతిరోజూ. కాబట్టి గౌరవ వేతనం కుదరదు. పోనీ జీతంలో కలుపుదామంటే నేర్పడం ఆవిడ విధుల జాబితాలో లేదు. కాబట్టి అదీ కుదరదు. ఇలా నీటుగా నోటు వ్రాసి, "అంగీకారయోగ్యం కాదు" అని ముగించి, ఎల్.డిస్. చేశాను. పాత మిత్రులకు తెలుసు, ఎల్.డిస్. కాగితం ఏడాది తిరిగేసరికి నాశనమైపోతుంది.

రూలు ప్రకారం నేను వ్రాసింది తప్పు కాదు. ఆడిటు వారు నా నోటును మెచ్చుకొని ఉండేవారు. కాని ఆ నోటులో ఉన్న అర్థం నాకు అప్పుడు తట్టలేదు. రోజూ చేస్తున్నది కాబట్టి ఇవ్వరాదు, రోజూ చేయవలసిన పని కాదు కాబట్టి ఇవ్వరాదు. ఇదీ దాని సారాంశం. పై ఆఫీసుకు స్పష్టత కోరుతూ ఒక్క ఉత్తరం పంపవచ్చు. మార్చి నెల దగ్గరపడింది, పని ఒత్తిడి, పంపలేదు. సిస్టరు గారు ఒకసారి వరండాలో కనబడి అడిగారు. రూలు చెప్పాను. "పోనీలెండి బాబూ, ఆ మూడొందలకేనా నేర్పేది!" అని నవ్వి వెళ్ళిపోయారు. నాకూ మనసు తేలికపడింది. ఇవ్వనివాడికి పుచ్చుకోనివారి మంచితనం ఎంత సౌకర్యమో!

కొన్నేళ్ళకు ఆవిడ పదవీ విరమణ చేశారు. పెన్షను కాగితాలు నేనే తయారు చేశాను. సర్వీసు రిజిస్టరు మొదటి పుట నుండి చివరి పుట దాకా తిప్పాను. ఇంక్రిమెంట్లు ఉన్నాయి, బదిలీలు ఉన్నాయి, ఎప్పుడో ఒక్కరోజు జీతనష్టపు సెలవు ఎర్ర సిరాతో ఉన్నది. ఆవిడ చేతికింద పని నేర్చుకొని ఊళ్ళమీదకు వెళ్ళిన పిల్లల గురించి ఒక్క అక్షరం లేదు. ఉండదు. ఆ కాలం ఆ రిజిస్టరులో లేదు.

ఆ తరువాత వచ్చిన సిస్టరు గారు కూడా మంచి మనిషే. కాని నలభై మంచాలకు ఇద్దరు నర్సులు. "నేర్పడం నా డ్యూటీలో ఉన్నదా?" అని అడిగారు. లేదని నా నోటే చెప్పింది గదా! అప్పటినుండి వచ్చిన బ్యాచీలు నోటుపుస్తకాలు పట్టుకొని గోడ పక్కన నిలబడడం నేను చూశాను. వారూ సర్టిఫికెట్లు పొందారు, వారినీ పల్లెలకు పంపారు. అక్కడ వారి చేతుల్లో పడిన తల్లుల సంగతి ఏ ఫైలులోనూ లేదు.

ఒక మనిషి మంచితనంమీద నడిచే పాఠం ఆ మనిషితోనే రిటైరవుతుంది. పద్దుమీద నడిచే పాఠం కుర్చీలో ఎవరున్నా నడిచే అవకాశం ఉన్నది. నేను చెప్పదలచిన చరిత్ర ఇంతే.

ఇప్పటి సంగతి

ఇంగ్లండులో 1976 నుండి వైద్య విద్యార్థులకు నేర్పే ఆసుపత్రులకు విడిగా నిధులు కేటాయించారు. 2013 నుండి నర్సింగు మొదలైన కోర్సుల విద్యార్థులకు కూడా తలకు ఇంత అని ఆసుపత్రికి చెల్లించే పద్ధతి పెట్టారు. అయితే ఆ సొమ్ము సంస్థకు చేరుతుంది గాని, పక్కన నిలబడి నేర్పే నర్సు చేతికి కాదు. నైటింగేల్ నాటి పది పౌన్ల పద్ధతి ఆ దేశంలోనే లేకుండా పోయింది.

మా మనుమరాలున్న జార్జియా రాష్ట్రం ఈ విషయంలో అమెరికాలో ముందడుగు వేసింది. ఉచితంగా నేర్పే డాక్టర్లకు 2014లో ఆదాయపు పన్నులో రాయితీ ఇచ్చింది. 2019లో దానిని టాక్స్ క్రెడిట్‌గా మార్చి, నేర్పే నర్స్ ప్రాక్టీషనర్లకు కూడా వర్తింపజేసింది. చేతికి డబ్బు ఇవ్వకపోయినా, కట్టవలసిన పన్ను తగ్గించడమన్నమాట. అయినా పిల్లలకు గురువులు కరువుగానే ఉన్నారని మా పిల్ల ఫోను చెబుతున్నది. పద్దు తెరవడంతో పని పూర్తికాదని సెయింట్ థామస్ కథ ముందే చెప్పింది.

మన దగ్గర తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాల్లో మిడ్‌వైఫరీ ఎడ్యుకేటర్లు అనే వారికి స్థానం కల్పించారు. కాన్పులు చేయడంలో చేయి తిరిగినవారే నేర్పేవారుగా కూడా గుర్తింపు పొందడం మంచి మార్పు. నేను ఎల్.డిస్. చేసిన కాగితంలోని పని ఇన్నాళ్ళకు ఒక హోదాగా కనబడుతున్నందుకు సంతోషిస్తున్నాను.

మన సంఘంలో విశ్రాంత నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఏ.ఎన్.ఎం.లు ఉన్నారు. వారికి నా మనవి ఒకటే. మీ చేతికింద పని నేర్చుకున్నవారి పేర్లు, ఏ ఊరు, ఏ సంవత్సరం, గుర్తున్నంతవరకు ఒక కాగితంమీద వ్రాసి మన కార్యదర్శి గారికి ఇవ్వండి. డబ్బు రాదు, ఏరియర్సు రావు. అయినా సర్వీసు రిజిస్టరులో లేని ఆ పుట ఎక్కడో ఒకచోట ఉండాలి. అట్లే, సర్వీసులో ఉన్న మన పిల్లలు ఎవరైనా ఇటువంటి ఫైలు చేతికి వచ్చినప్పుడు మూసేముందు పై ఆఫీసుకు ఒక్క ఉత్తరం వ్రాయాలని కోరుతున్నాను.

మా మనుమరాలికి ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ నర్సమ్మగారి పేరేమిటి తాతయ్యా?" అని అడిగింది. చెప్పాను. వ్రాసుకుంటున్నానన్నది.

(వ్యాసకర్త వైద్య ఆరోగ్య శాఖలో ఆఫీసు సూపరింటెండెంటుగా 2008లో పదవీ విరమణ చేశారు.)